గోడవైపు తిరిగిన మరచెంబు

నేను ఒక మరచెంబుని. ఇత్తడి ఒళ్ళు, మరలున్న మూత, పట్టుకోవడానికి పైన ఒక కడియం. మూత బిగిస్తే రైలు ఎంత ఊగినా చుక్క నీరు కారదు. ఈ సంగతి నేనే చెప్పుకోవలసి రావడం మర్యాద కాదు గాని, మొన్న మా ఇత్తడి జాతి గొప్పతనం మీద గంటన్నర మాట్లాడిన ఉపన్యాసకుడికి అది తట్టలేదు. ఆయన మధ్యమధ్యలో ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు తాగుతూ మాట్లాడారు.

నేను పుట్టింది అజ్జరంలో, కంచరివారి కొలిమి దగ్గర. నాతోపాటే అచ్చం నాలాంటి కవల కూడా పుట్టాడు. తణుకు నుంచి వచ్చిన మాణిక్యాంబ, భాస్కరమ్మ అనే ఇరుగుపొరుగు స్నేహితురాళ్ళు మమ్మల్ని చెరొకటి కొన్నారు. ఇద్దరూ కలిసి కాశీ వెళ్తున్నారు. రైల్లో తారుమారు కాకుండా చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించారు: నా మీద మాణిక్యాంబ, వాడి మీద భాస్కరమ్మ. పేరు కొట్టించాక ఇక దాన్ని చూడనక్కర్లేదన్న ధీమా మనుషులకు ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాశీలో ఏదైనా ఇష్టమైన కాయో పండో వదిలిపెట్టాలి కదా. మాణిక్యాంబ ఏడుపు ముఖంతో వంకాయ వదిలింది. భాస్కరమ్మ ప్రశాంతంగా కాకరకాయ వదిలింది.

"పుట్టి బుద్ధెరిగి నువ్వు కాకరకాయ నోట్లో పెట్టావుటే భాస్కరం? విశ్వనాథుడికి తెలీదనుకున్నావా?" అంది మాణిక్యాంబ.

అంతే. తిరుగు ప్రయాణంలో ఇద్దరికీ మాటల్లేవు. ఏదో స్టేషనులో కొళాయి దగ్గర ఒకరి ముఖం ఒకరు చూడకుండా నీళ్ళు పట్టుకున్నారు, చేతికందిన చెంబు పట్టుకుని పోయారు. అలా నేను భాస్కరమ్మగారింటికి చేరాను.

ఇంటికొచ్చాక ఆవిడ పేరు చూసింది. తిరిగి ఇచ్చేద్దామంటే ముందుగా పలకరించాలి. 'అడిగితే ఇస్తాను' అనుకుని నన్ను అలమరలో పేరు గోడవైపు ఉండేలా పెట్టింది. అడగడానికి ఎవరూ రాలేదు. ప్రతి పండక్కీ చింతపండు పెట్టి తోమేది, మళ్ళీ గోడవైపే తిప్పేది. ఆవిడ పోయాక కోడలు హైమవతి కూడా అలాగే చేస్తూ వచ్చింది. తోమి తోమి అరిగిన ఆ చుక్కలు ఆమెకు ఏదో ముగ్గులా కనిపించేవి.

ఈమధ్య ఊరి చరిత్ర సంఘం వాళ్ళు పాత సామాన్ల ప్రదర్శన పెట్టారు. హైమవతి నన్ను తళతళలాడేలా తోమి ఇచ్చింది. అత్తగారి పేరు కార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండాలని మరీమరీ చెప్పింది. సంఘం కార్యదర్శి సూర్యప్రకాశంగారికి శాసనాలంటే ప్రాణం. ఎక్కడ గీత కనిపించినా దాని మీద సుద్దపొడి రుద్దకుండా వదలరు. నన్నూ వదల్లేదు. ఆయన రుద్దగానే చుక్కలు తెల్లగా అక్షరాలై లేచాయి. కొత్త శాసనం దొరికిన సంబరంలో, కింద కార్డు ఏమంటోందో చూడకుండా నన్ను జనంవైపు తిప్పి పెట్టారు.

ఉపన్యాసం, శాలువాలు అయ్యాక జనం నా చుట్టూ చేరారు. వాళ్ళలో మాణిక్యాంబగారి కోడలు కృష్ణకుమారి ఉంది. పైన పేరు చదివింది, కింద 'భాస్కరమ్మగారి జ్ఞాపకార్థం' అన్నది చదివింది.

"మా అత్తగారి చెంబు ఇన్నాళ్ళూ మీ ఇంట్లో క్షేమంగా ఉందన్నమాట, వదినగారూ," అంది తీపిగా.

ఉపన్యాసానికి కునుకు తీసిన వాళ్ళందరికీ మెలకువ వచ్చేసింది. హైమవతి ముఖం కందిపోయింది. అత్తగారి పేరు నిలబెడదామని తెచ్చి, ఊరి ముందు ఆవిడను దొంగను చేసినట్టయింది.

"మా అత్తగారు పరాయి సొమ్ము ముట్టుకునే మనిషి కాదు."

"నేనేమన్నాను? రాసి ఉన్నది చదివానంతే."

సూర్యప్రకాశంగారు ఒక ఉపసంఘం వేద్దామన్నారు. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. హైమవతి నన్నే చూస్తూ మెల్లగా అడిగింది.

"మీ ఇంట్లో మరచెంబు లేదా, వదినగారూ?"

"ఎందుకు లేదు? దేవుడి గూట్లో ఉంది."

"దాని మీద ఏం రాసుంది?"

కృష్ణకుమారి ఆ రాత ఎన్నడూ చూడలేదు. ఆ చెంబు వీపు ఎప్పుడూ గోడకే ఉండేది. తిప్పితే అత్తగారు ఒప్పుకునేవారు కాదు.

ఆమె ఇల్లు పక్క వీధే. వందన సమర్పణ ఇంకా సాగుతుండగానే కొంగు చాటున ఏదో పట్టుకుని తిరిగొచ్చి, దాన్ని నా పక్కన పెట్టింది. నా కవల. కాస్త లావెక్కినట్టు కనిపించాడు గాని అది సొట్టట. సూర్యప్రకాశంగారు సుద్దపొడి రుద్దారు. 'భా' లేచింది, తరవాత 'స్క' లేచింది. ఇక రుద్దక్కర్లేకపోయింది.

"మా అత్తగారూ దాచారన్నమాట," అంది కృష్ణకుమారి.

"దాచలేదండీ. అడుగుతారని చూశారు. ఇద్దరూనూ."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయారు. ప్రదర్శన ముగిశాక ఎవరి పేరున్నది వాళ్ళు తీసుకుపొమ్మని సంఘం వాళ్ళు న్యాయం చెప్పారు. హైమవతి నా కవలను ఎత్తి చూసింది, మూత తిప్పబోయింది, కిందపెట్టేసింది.

"దీని మూత ఎంతవరకు బిగించాలో మీ చేతికే తెలుస్తుంది. నాకు నాదే ఇవ్వండి," అంది.

కృష్ణకుమారి సొట్టవాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది.

సంఘం వాళ్ళు వార్షిక సంచికలో మా బొమ్మ వేసి, కింద 'పూర్వకాలపు స్నేహానికి చిహ్నం' అని రాశారు. కాకరకాయ మాట ఎత్తలేదు. చరిత్ర అలాగే రాస్తారు కాబోలు.

నేను మళ్ళీ పాత అలమరలోనే ఉన్నాను. హైమవతి నన్ను తోమి, తుడిచి, అలవాటుకొద్దీ గోడవైపు పెట్టింది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చి, నన్ను గదివైపు తిప్పింది.

వంటింట్లో కాకరకాయ వేగుతోంది.