బుధవారం తువ్వాలు

గంగులు బుధవారం బుధవారం సబ్బు పెట్టి స్నానం చేస్తున్నాడని మొగపేటలో మొదట కనిపెట్టింది అతని భార్య గురమ్మ. మిగతా ఆరు రోజులూ అతను సముద్రంలోంచి బయటికొచ్చి, బోరింగు దగ్గర రెండు బకెట్లు గుమ్మరించుకుని స్నానం అయిందనిపించే మనిషి. ఇరవై రెండేళ్ల కాపురంలో అతని చేతిలో సబ్బు అరిగింది పెళ్లినాడూ, ఓట్లనాడూను. అలాంటిది వారం తర్వాత వారం సబ్బు అరిగేసరికి గురమ్మకు గుండె జారింది.

సబ్బొక్కటే అయితే సరిపెట్టుకునేదేమో. తెల్ల చొక్కా తొడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని, తొమ్మిదింటికల్లా ఆటోలో శ్రీకూర్మం, అక్కణ్నుంచి బస్సులో శ్రీకాకుళం వెళ్లిపోతున్నాడు. మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చేసరికి తువ్వాలు కొస నమిలేసి ఉంటోంది. పళ్లగాట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ప్రతి బుధవారం సాయంత్రం గురమ్మ ఆ కొసను వెలుగులో పట్టి చూసి, ఉతికి, దండెం మీద ఆరేసేది. పరాయి ఆడదాని దగ్గరికి వెళ్లేవాడు తువ్వాలు నమలడని ఆమెకు తెలుసు. మూర్ఛ వచ్చేవాడు నములుతాడు. ఆమె దిగులంతా అదీ.

ఊరికి అంత లోతు ఆలోచన లేదు. చిన్నిల్లు పెట్టాడని కొందరు, దుబాయి వెళ్లడానికి కాగితాలు తిప్పుతున్నాడని కొందరు. కుండ నోటికి మూకుడు పెట్టగలం గాని ఊరి నోటికి పెట్టలేం. అయినా ఊరి అసలు బాధ గంగులు శీలం కాదు, పెద్ద వల.

మొగపేటకు ఒక పెద్ద వల ఉంది. దాన్ని పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో చుట్టూ పరిచి, రెండు తాళ్లూ ఒడ్డుకు తెస్తారు. కుడి తాడుకి పదిహేనుమంది, ఎడమ తాడుకి పదిహేనుమంది. మధ్యలో నిలబడి సోములు గొంతెత్తి పలుకు చెబుతాడు. ఆయనకు డెబ్భై దాటాయి, ఊరికి పెద్ద. పలుకు చెప్పి, ఒక దెబ్బ పట్టేంతసేపు ఆగుతాడు. ఆ ఖాళీలో ముప్ఫైమందీ ఒక్క గొంతుతో "ఐలెస్సా" అని లాగాలి. ఖాళీ వచ్చినప్పుడు అనకపోతే తాడు వెనక్కి జారుతుంది, అరచేతులు చీరుకుపోతాయి. మొగపేట మగపిల్లలు నడక నేర్చిన కొత్తలోనే నేర్చుకునే సంగతి ఇది. ఆడవాళ్లు మాత్రం తాడు ముట్టకూడదు. ముడితే వల చిరుగుతుందట. ముట్టి చూసినవాళ్లెవరూ లేరు.

ఎడమ తాడు కొస గంగులుది. కొస పట్టేవాడు బలంగా ఉండాలి. బుధవారాలు ఆ చోట ఎవరూ లేక, గురమ్మ అన్న లక్ష్ముడు తన చోటూ బావ చోటూ కలిపి లాగుతున్నాడు. ఆరో వారానికి అతని నడుం పట్టేసింది. గురువారం సాయంత్రం తుఫాను షెల్టరు అరుగు మీద పంచాయతీ పెట్టించింది అతనే.

గంగులు తేలు కుట్టిన దొంగలా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. గురమ్మ ఆడవాళ్లలో వెనగ్గా కూర్చుంది. ఆమె ఒడిలో తువ్వాలు ఉంది, అవసరమైతే చూపించవచ్చని తెచ్చింది.

"ఒరే గంగులూ," అన్నాడు సోములు. "బుధవారం ఎక్కడికెల్తన్నావు?"

"పాట ఇనడానికి పెద్దయ్యా."

"ఏ ఏళప్పుడు?"

"పగలు పదకొండింటికి."

 అబద్ధమాడేవాడు కాస్త నమ్మేలా ఆడాలని అందరికీ అనిపించింది.

"పట్టపగలు వాయిస్తే పెళ్లికి వాయిస్తారు, నేదా సావుకి వాయిస్తారు," అన్నాడు సోములు నెమ్మదిగా. "ఎవులి పెళ్లిరా? ఎవులు సచ్చిపోనారు?"

"ఎవులూ నేదు పెద్దయ్యా. ఊరికినే వాయిస్తారు."

"ఊరికినే ఎందుకు వాయిస్తారు?"

 అసలు గంగులు మొదటిసారి అక్కడికి వెళ్లిందే ఊరికే. పడవ ఇంజను సామాను కొనడానికి శ్రీకాకుళం వెళితే, కొట్టువాడు రెండు గంటలాగి రమ్మన్నాడు. ఎండ మండిపోతోంది. పక్కనే ఒక హాలు, గుమ్మంలో "ప్రవేశం ఉచితం" అని బోర్డు, లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఫ్యాన్ల కోసం వెళ్లి వెనక వరసలో కూర్చున్నాడు. వేదిక మీద పన్నెండుమంది ఉన్నారు. నాలుగు వయొలిన్లు, మూడు వీణలు, రెండు వేణువులు, ఒక క్లారినెట్టు, మృదంగం, ఘటం. రాజరాజేశ్వరి అనే రిటైరైన సంగీతం మేడమ్ కూడగట్టిన వాద్యబృందం అది. సాయంత్రాలు సన్మానాలకే హాలు చాలదు కనుక ఆవిడకు బుధవారం పగలు ఇచ్చారు. శ్రోతలు పంతొమ్మిది మంది. వారిలో పదకొండుమంది వాయించేవాళ్ల చుట్టాలు, ముగ్గురు నిద్రకొచ్చినవాళ్లు.

పన్నెండుమందీ ఒక్కసారి ఎత్తుకునేసరికి గంగులు వీపు నిటారైంది. వల లాగుతున్నారు. అందరూ ఒక్క దెబ్బ మీద లాగుతున్నారు, కాని ఆ వలలో ఏదీ పడక్కర్లేదు. పడలేదని ఎవరూ ఎవర్నీ తిట్టుకోరు. తనకు ఊహ తెలిశాక లాగిన లాగుడంతా చేప కోసమే. చేప లేకపోయినా ఆ లాగుడు ఇంత బాగుంటుందని గంగులుకు నలభై ఆరో ఏట తెలిసింది. ఆ గంటన్నరా అతను సుఖపడ్డాడు. ఇంజను సామాను మరిచిపోయి ఇంటికొచ్చాడు.

చిక్కల్లా చివరి ముక్కతో వచ్చింది. అది మేడమ్ స్వయంగా కూర్చిన బాణీ, ప్రతి వారం దానితోనే ముగిస్తారు. అది జోరుమీద ఉండగా పన్నెండు వాద్యాలూ టక్కున ఆగిపోతాయి. ఒక దెబ్బ పట్టేంతసేపు హాల్లో ఏమీ ఉండదు. మళ్లీ అందుకుంటాయి. ఆ ఖాళీ వచ్చేసరికి గంగులు గొంతులోకి "ఐలెస్సా" తన్నుకొచ్చేది. చుట్టూ చూస్తే ఎవరూ అనడం లేదు. ఇక్కడ అనకూడదు కాబోలనుకుని తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆరు వారాలుగా కుక్కుకుంటూనే ఉన్నాడు.

పంచాయతీలో ఇదంతా అతను రెండు మాటల్లో తేల్చేశాడు. "బాగుంటాది పెద్దయ్యా," అన్నాడు. "అందుకే ఎల్తన్నాను."

"బాగుంటాదంట!" లక్ష్ముడు నడుం పట్టుకుని లేచాడు. "నా నడుం ఇరిగిపోతన్నాది బావా, నీకు బాగుంటాదేటి?"

సోములు తీర్పు చెప్పాడు. వచ్చే బుధవారం పెద్దలు వెళ్లి చూస్తారు. గంగులు చెప్పింది అబద్ధమైతే ఇక పెద్ద వల తాడు మీద అతని చెయ్యి పడదు. నిజమైనా సరే, అందులో పనికొచ్చే సంగతి ఏమైనా ఉండాలి. లేకపోతే ఆ బుధవారమే ఆఖరు.

గంగులు తలూపాడు. పనికొచ్చే సంగతి ఏమీ లేదని అతనికి ఆరు వారాలుగా తెలుసు. అందుకే అతనికది ఇష్టం. ఆ రాబోయేదే తన ఆఖరి బుధవారమని అప్పుడే ఖాయం చేసుకున్నాడు. దండిగా ఏడుపొచ్చింది, కాని పంచాయతీలో ఏడిస్తే చిన్నిల్లే అనుకుంటారని ఆపుకున్నాడు.

బుధవారానికి వాయుగుండం పడి, వేటకు వెళ్లొద్దని కబురొచ్చింది. దాంతో పెద్దలు నలుగురే కాకుండా, పని లేనివాళ్లు ఇంకో తొమ్మిదిమంది తయారయ్యారు. పద్నాలుగో మనిషి గురమ్మ. ఎందుకని ఎవరూ అడగలేదు. రోగం సంగతి తేలుతుందని ఆమె వచ్చింది.

హాలు గుమ్మంలో ఇంతమందిని చూసి రాజరాజేశ్వరి కళ్లద్దాలు సవరించుకుంది. "ఆధార్ సెంటరు పక్క బిల్డింగు బాబూ," అంది.

"మా ఊరోళ్లమ్మగోరూ," అన్నాడు గంగులు. "పాట ఇనడానికొచ్చినారు."

ఆవిడ గబగబా లోపలికెళ్లి, నిద్రకొచ్చిన ముగ్గుర్నీ లేపి వెనక వరసలకి పంపింది. ముందు వరసలు చూపించింది గాని మొగపేటవాళ్లకు ఆ కూర్చునే పద్ధతి నచ్చలేదు. కుడి తాడువాళ్లు కుడివైపు, ఎడమ తాడువాళ్లు ఎడమవైపు, ఒకరి వెనక ఒకరు దారి పక్క కుర్చీల్లో కూర్చున్నారు. ఎడమ వరస కొసన గంగులు. మధ్య దారిలో సోములుకి కుర్చీ వేయించారు. గురమ్మ గోడ వారగా కూర్చుంది.

గంటసేపు ఏమీ జరగలేదు. పన్నెండుమంది వాయించారు, పద్నాలుగుమంది చూశారు. లక్ష్ముడు రెండుసార్లు ఆవులించాడు. గంగులు వేదిక వైపు చూడ్డం మానేసి సోములు మెడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ మెడ కదల్లేదు. ఇక మిగిలింది చివరి ముక్కే. దాన్ని మొదలుపెట్టగానే గంగులు అలవాటుగా తువ్వాలు కొస నోట్లో పెట్టుకున్నాడు. మిగతావాళ్లకు చెప్పాలని అతనికి తోచలేదు.

జోరు అందుకుంది. ఎప్పుడు మొదలైందో గాని, సోములు బొటనవేలు నేల మీద కొడుతోంది. అందరి భుజాలూ కొద్దిగా వెనక్కి వాలుతున్నాయి. పన్నెండు వాద్యాలూ టక్కున ఆగాయి.

"ఐలెస్సా!"

హాలు అద్దాలు కదిలాయి. ఘటం వాయించేవాడి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మిగతా శ్రోతలంతా వాళ్ల వైపు తిరిగారు. పదమూడు మగగొంతుల్లో ఒక ఆడగొంతు కూడా ఉందని గంగులు విన్నాడు. మొగపేటవాళ్లలో అనని మనిషి అతనొక్కడే.

సోములు లేచి ముందు అతని వైపే తిరిగాడు. "ఒరే, నువ్వనలేదేటి?"

గంగులు నోట్లోంచి తువ్వాలు తీశాడు. "ఇక్కడ అనకూడదు పెద్దయ్యా."

"ఆరు వారాలు అనకుండా కూకున్నావా?"

"కూకున్నాను."

సోములు వేదిక వైపు తిరిగాడు. "అమ్మగోరూ, మీరు నడిమధ్యని ఆపీసినారు. ఆపితే తాడు జారిపోతాది కదా. అందుకే అనీసినాం. మావోళ్ల తప్పు నేదు."

రాజరాజేశ్వరి వేదిక దిగి వచ్చింది.  "అక్కడ ఏమీ ఉండకూడదు బాబూ. ఆ దెబ్బ వినేవాళ్ల మనసులో పడాలి. ముప్ఫై ఏళ్లుగా నేర్పుతున్నాను, ఎవరి మనసులోనైనా పడుతోందో లేదో నాకు తెలీదు. ఇవాళ నా చెవులతో విన్నాను. గోరంత అటూ ఇటూ కాలేదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మళ్లీ వాయిస్తాం. ఈసారి లోపల అనుకోండి."

సోములు ఆలోచించాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఊరి పెద్ద పెట్టుకున్నాక తక్కినవాళ్లు ఆగరు. రెండు వరసల నిండా మగవాళ్లు తువ్వాళ్లు కరుచుకుని కూర్చున్నారు. ఆ ఖాళీ మళ్లీ వచ్చింది. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరి మెడలూ బిగుసుకున్నాయి. సోములు కళ్లమ్మట నీళ్లు కారాయి. దగ్గు వచ్చిందని ఆయన తర్వాత చెప్పాడు.

తీర్పు బస్టాండులో చెప్పాడు. "బుధవారం గంగులు తాడుకి రానక్కర్నేదు."

"పనికొచ్చే సంగతేటున్నాది పెద్దయ్యా అందులో?" అన్నాడు లక్ష్ముడు.

"ఏటీ నేదు," అన్నాడు సోములు. "డెబ్భై ఏళ్లు పనికొచ్చేదే సేసినాను. తాడు కొస నువ్వట్టు."

బస్సులో గంగులు, గురమ్మ ఒకే సీట్లో కూర్చున్నారు. శ్రీకూర్మం దగ్గర పడేదాకా అతను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"ఆ గొంతు నీదేనా?" అన్నాడు చివరికి.

"నాదే మావా."

"నువ్వెప్పుడు నేర్సుకున్నావు?"

"ఇరవై రెండేళ్ల నుంచి అంటన్నాను. సేపల బుట్ట మూతికడ్డం ఎట్టుకుని ఒడ్డుమీద నిలబడి అంటాను. తాడు ముట్టకూడదన్నారు గాని అనకూడదన్నేదు కదా. ముప్ఫైమంది మగోళ్లరుత్తుంటే నా గొంతు నీకేటి ఇనబడతాది?"

గంగులుకి సిగ్గేసింది. ఆరు వారాలు నోరు మూసుకోవడం ఘనకార్యమని ఇందాకటిదాకా అనుకుంటున్నాడు.

తర్వాతి బుధవారం గురమ్మ తెల్లవారుతూనే శ్రీకాకుళం మార్కెట్టులో చేపలు అమ్ముకుని, బుట్ట హాలు వాచ్‌మన్‌ దగ్గర పెట్టి, పదకొండింటికి లోపలికొచ్చింది. గంగులు తన పక్క కుర్చీ మీద తువ్వాలు పరిచి చోటు ఆపాడు. ఆ సాయంత్రం మొగపేటలో వాళ్ల దండెం మీద రెండు తువ్వాళ్లు ఆరాయి. రెండిటికీ కొసలు నమిలేసి ఉన్నాయి.