పదకొండు అట్టపెట్టెలు

శుభవార్త వచ్చే సమయానికి మేస్త్రీ ఒక బ్యాంకు మేనేజరు ఇంట్లో, మూడో అంతస్తులో, తోక విరిగిన పింగాణీ కుక్కకి కాగితం చుడుతున్నాడు.

ఇళ్ళ సామాన్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా ప్యాకింగు మేస్త్రీ ఆయన. ఈ ఇరవై రెండేళ్ళలో మనుషుల మీద ఆయనకి మిగిలిన గౌరవం ఒక అగ్గిపెట్టెలో పడుతుంది, పుల్లలు తియ్యక్కర్లేకుండానే. ఎవరిల్లు చూసినా ఒకటే తంతు. హాల్లో సోఫాలు, కిటికీలకి తెరలు, గోడ మీద నవ్వుతున్న ఫొటోలు. మంచం కిందకి వంగి చూస్తే తిరగని మిక్సీలు, జత పోయిన చెప్పులు, ఎప్పుడో పాడైపోయిన ఫోన్ల ఖాళీ డబ్బాలు. "ఇది కూడా తీసుకెళ్ళాలా అండీ?" అని అడగడం ఆయన ఎప్పుడో మానేశాడు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "ఉండనివ్వండి, ఎప్పుడైనా పనికొస్తుంది." తోక లేని కుక్క ఎప్పుడు పనికొస్తుందో మేనేజరుకీ తెలియదు, కుక్కకీ తెలియదు.

"నాన్నా! వచ్చింది నాన్నా!"

కేక ముందొచ్చింది, మనిషి వెనకొచ్చింది. ఆయన కూతురు, ఇంట్లో అందరూ చిన్నది అని పిలిచే పిల్ల, మూడు అంతస్తులూ ఎక్కి రొప్పుతూ గుమ్మంలో నిలబడింది. చేతిలో ఒక ఉత్తరం.

"హాస్టలు వచ్చింది! కొరియరతను ఇప్పుడే ఇచ్చి వెళ్ళాడు."

మేస్త్రీ కుక్కని కింద పెట్టేశాడు. ఆయన అలా పని మధ్యలో వస్తువు వదిలెయ్యడం తోటివాళ్ళు అంతకుముందెప్పుడూ చూడలేదు.

చిన్నదానికి పశువైద్య కళాశాలలో సీటొచ్చి నెల దాటింది. కాలేజీ ఇంటికి మూడున్నర గంటల దూరం. తరగతులేమో పొద్దున్న ఏడింటికి పశువుల ఆసుపత్రిలో మొదలవుతాయి. హాస్టల్లో చోటు దొరక్కపోతే చదువూ లేనట్టే. వెయిటింగ్ లిస్టులో తొమ్మిదో నంబరు పట్టుకుని నెలరోజులుగా ఆ పిల్ల గోళ్ళు కొరుక్కుంటోంది. ఇప్పుడు ఆ గోళ్ళు లేని వేళ్ళతోనే ఉత్తరం చూపించింది. మందపాటి తెల్ల కాగితం, కింద గుండ్రటి నీలం ముద్ర, దాని మీద వార్డెను సంతకం.

"రేపు మధ్యాహ్నం పన్నెండులోపు ఈ అసలు ఉత్తరం వార్డెను చేతికివ్వాలి. లేకపోతే గది పదో నంబరు వాళ్ళకి ఇచ్చేస్తారట. నాన్నా, వెనకవైపు సామాను గురించి కూడా..."

"సామాను గురించి నాకు చెప్తున్నావా?" అన్నాడు మేస్త్రీ.

"అది కాదు, ఇందులో..."

"చేపపిల్లకి ఈత నేర్పుతారటే? ముందు వెళ్ళి ఆ డాక్టరు సర్టిఫికెట్టూ ఫొటోలూ తెచ్చుకో. సామాను సంగతి నేను చూసుకుంటా."

చిన్నది ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంది. ఇవాళ అంత సంతోషంలో ఎవరితోనూ పోట్లాడాలని లేదు. మెట్లన్నీ రెండేసి చొప్పున దిగి, ఇంటికెళ్ళి ఉత్తరం అమ్మకిచ్చి, డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

మేస్త్రీ పూట సెలవు పెట్టి, కంపెనీ స్టోరు నుంచి కొత్త అట్టపెట్టెలు, ఒక కట్ట చుట్టే కాగితం, నాలుగు టేపు చుట్టలు తెచ్చుకుని ఇల్లు చేరాడు. అక్కడ అప్పటికే ఆయన అక్కయ్య కూర్చుని ఉంది. ఆవిడ రిటైరైన నర్సు. వయసులో ఉన్నప్పుడు మూడేళ్ళు నర్సుల హాస్టల్లో ఉన్న మనిషి. పాత మందుల చీటీ వెనక జాబితా రాసుకుని మరీ వచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, రాసుకో. తాళం ఒకటి, తాళంచెవులు రెండు. బట్టలారేసుకోవడానికి నైలాను తాడు. బకెట్టు, మగ్గు. పిన్నీసులు. టార్చి. అంతే."

"బకెట్టా?" మేస్త్రీ మొహం అదోలా పెట్టాడు. "బకెట్టు కూడా ఒక సామానేనా అక్కా? అది ప్యాకింగులో ఎలా కూర్చుంటుందో తెలుసా నీకు? గుండ్రంగా ఉన్నదేదీ పెట్టెలో కుదురుగా ఉండదు."

"దాన్ని పెట్టెలో ఎందుకురా పెడతావు? చేత్తో పట్టుకుంటారు. సామానంతా దాన్లోనే వేసుకుంటారు."

"బకెట్లో సామాను!" ఆయన భార్య వైపు తిరిగాడు. "విన్నావా? మా అక్కయ్య మూడేళ్ళు హాస్టల్లో ఉండి నేర్చుకున్నది ఇదీ."

"పోనీ చిన్నదాన్ని రానివ్వండి. దానికేం కావాలో అదే చెప్తుంది," అంది భార్య. ఆవిడ బట్టల దుకాణంలో బిల్లులు రాస్తుంది. అడగని సలహా ఇస్తే ఏమవుతుందో తెలిసిన మనిషి కాబట్టి మెల్లిగానే అంది.

"ప్యాకింగు జరిగేటప్పుడు ఇంటివాళ్ళు ఎదురుగా ఉండకూడదు. ప్రతిదానికీ అడ్డం పడతారు. మీరిద్దరూ అవతలికి వెళ్ళండి."

ఇంటివాళ్ళని ఇంట్లోంచి బయటికి తోసి తలుపేసుకున్నాడు.

తర్వాత మూడు గంటలపాటు ఆ గదిలోంచి టేపు లాగుతున్న చప్పుడు కర్రుమంటూ వినిపిస్తూనే ఉంది. కొత్త అట్టపెట్టెల వాసనంటే ఆయనకి ఇష్టం. అట్ట మడత సరిగ్గా గాడిలో పడినప్పుడు వచ్చే 'టక్' అంటే ఇంకా ఇష్టం. చేతులు పని చేస్తూంటే నోరు లోకాన్ని తిట్టుకుంటూ పోయింది. సామాను సర్దడం రాని లోకం అది. చీరల మధ్య సీసాలు పెడతారు, ఇస్త్రీ పెట్టె కింద అద్దం పెడతారు, చివర్న మిగిలిందంతా ఒక గోనెసంచిలో కుక్కేసి సంచికి ఉరి వేసినట్టు ముడేస్తారు. నా కూతురు అలా వెళ్ళదు. నా కూతురి సామాను చూసి హాస్టలు హాస్టలంతా పాఠం నేర్చుకోవాలి.

టేబులు ల్యాంపు చుట్టాడు. గాజు గ్లాసులు ఆరు చుట్టాడు. పింగాణీ గిన్నెలు, పూలు పెట్టే కూజా, నిలువుటద్దం, గోడ గడియారం, బల్ల మీద పెట్టుకునే ఇంకో గడియారం. అదనంగా రెండు దిండ్లు, ఎవరైనా వస్తే కూర్చోబెట్టడానికి మడత కుర్చీ. తెచ్చిన కాగితమంతా అయిపోయింది. ఆ చేతులు ఇరవై రెండేళ్ళుగా ఆగకుండా పనిచేసిన చేతులు. కళ్ళతో పని లేకుండా పక్కన ఏ కాగితం తగిలితే అది లాక్కున్నాయి. పెట్టెలన్నీ నిండాక ఒక్కోటీ లేపి చూసి, బరువు సమంగా ఉండేలా ఇందులోది అందులోకీ, అందులోది ఇందులోకీ మార్చాడు. నంబర్లు వేశాడు. ఒక్కో పెట్టెలో ఏముందో పుస్తకంలో రాశాడు. తలుపు తీసి, పెళ్ళికూతురి ముసుగు తీస్తున్నంత గొప్పగా పక్కకి జరిగాడు.

పదకొండు అట్టపెట్టెలు గోడకి ఆనుకుని వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదానికీ మూల వంగలేదు.

సరిగ్గా అప్పుడే చిన్నది వచ్చింది. పెట్టెలకేసి చూసింది. తండ్రికేసి చూసింది.

"నాన్నా, నన్ను హాస్టలుకి పంపిస్తున్నావా, ఇల్లు ఖాళీ చేయిస్తున్నావా?"

"రేపు కంపెనీ చిన్న వ్యాను అడిగాను. నువ్వు కూర్చుంటే చాలు."

"సరే, దాని సంగతి తర్వాత. అమ్మా, ఉత్తరం ఇలా ఇవ్వు. జిరాక్సు తీయించాలి."

"బల్ల మీదే పెట్టానే, గడియారం కింద."

బల్ల మీద గడియారం లేదు. గడియారం మూడో పెట్టెలో ఉందని పుస్తకంలో స్పష్టంగా ఉంది. గడియారం కింద ఉన్న ఉత్తరం గురించి పుస్తకంలో ఏమీ లేదు.

నాలుగు జతల కళ్ళు బల్ల మీద పడ్డాయి. బల్ల నున్నగా మెరుస్తోంది. మేస్త్రీ దాన్ని తుడిచి కూడా పెట్టాడు.

"ఏవండీ," అంది భార్య, "మీరు గానీ..."

మేస్త్రీ మొహంలో రంగు మారింది. "కాగితం అయిపోయాక," అన్నాడు మెల్లిగా, "ఏదో ఒకటి చేతికి తగిలింది. కొంచెం మందంగా ఉంది, బాగా పట్టుకుంది అనుకున్నాను."

"బాగా పట్టుకుందా!" అంది అక్కయ్య. "నా మేనకోడలి చదువురా అది!"

"దేనికి చుట్టావు నాన్నా?"

"గుర్తులేదు."

"పుస్తకంలో రాసుకున్నావుగా?"

"లోపల ఏముందో రాస్తాం. దేంతో చుట్టామో ఎవడు రాస్తాడు?"

"పోనీ చివర్న చుట్టినవేగా? ఆఖరి రెండు పెట్టెలు విప్పితే సరిపోతుంది."

మేస్త్రీ గొంతు ఇంకా తగ్గింది. "బరువు సమం చెయ్యడానికి అన్నీ కలిపేశాను."

చిన్నది ఏడవలేదు. కత్తెర తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఏడ్చినా బాగుండేదనిపించింది ఆయనకి.

ఊరందరి ప్యాకింగు ఊడిపోతుందని వెక్కిరించిన మనిషి ప్యాకింగు ఎంత గట్టిదో ఆ సాయంత్రం ఆయనింట్లో వాళ్ళకి తెలిసొచ్చింది. ఒక్కో పెట్టె విప్పడానికి పావుగంట పట్టింది. టేపు మీద టేపు, దాని మీద అడ్డంగా ఇంకో టేపు. ఒక్కో వస్తువు బయటపడుతుంటే ఒక్కో వాత.

"గ్లాసులు ఆరా?" అంది అక్కయ్య. "గదిలో ఉండేది ఇద్దరేనట కదరా. మిగతా నాలుగు ఆవులకా?"

"కూజా ఎందుకండీ?" అంది భార్య.

"పూలు పెట్టుకోవడానికి."

"పశువుల డాక్టరు చదువుకి వెళ్ళేది పూలు తెచ్చి కూజాలో పెడుతుందా, గడ్డి తెచ్చి దూడకి పెడుతుందా?"

"నాన్నా, ఈ రిమోటు దేనిది?"

అది నాలుగేళ్ళ కింద పాడైతే పారేసిన టీవీది. రిమోటుని శుభ్రంగా చుట్టి, పైన 'జాగ్రత్త' అని కూడా రాశాడు. మేనేజరు కుక్కకి కూడా అంత మర్యాద దక్కలేదు.

"ఎప్పుడైనా పనికొస్తుందని..." అంటూ సగంలో ఆగిపోయాడు. ఆ మాట తన నోట్లోంచి వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

తొమ్మిదో పెట్టెలో, దిండు మడతలో, గుప్పెడంత ఉండ ఒకటి భార్య చేతికి తగిలింది. కాగితం మందంగా ఉంది. సందులోంచి నీలం రంగు కనిపిస్తోంది. ఊపిరి బిగబట్టి మెల్లిగా విప్పితే లోపల ఒక గాజు మూత. ఇంట్లో ఏ సీసాకీ సరిపోని మూత. ఆ సీసా ఎప్పుడు పగిలిందో కూడా ఎవరికీ గుర్తులేదు.

"సీసా లేని మూతకి," అంది అక్కయ్య, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ, "వార్డెను సంతకం చుట్టావు."

ఉత్తరం దొరికిందన్న సంతోషం ఒక్క నిమిషమే. కాగితం చిరగలేదు. పేరుంది, నంబరుంది. సగం ముద్ర మీదా, సంతకం మొత్తం మీదా గోధుమరంగు టేపు బిగిసిపోయి ఉంది. భార్య గోరుతో దాని అంచు పట్టుకోబోయింది.

"ముట్టుకోవద్దు!" మేస్త్రీ అరిచాడు. "లాగావంటే ముద్రతో సహా ఊడొస్తుంది."

"మరి తియ్యడమెలా?"

"తియ్యలేం. తియ్యలేకుండా ఉండాలనే కదా ఆ టేపు వాడేది."

చిన్నది కాలేజీకి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. ఆఫీసు వేళ దాటిపోయింది. భార్య ఉత్తరం మీద పల్చటి గుడ్డ పరిచి, టేపు జోలికి పోకుండా గోరువెచ్చటి ఇస్త్రీ పెట్టె నడిపించింది. ముడతలు ఒక్కొక్కటే సర్దుకుంటుంటే ఆ గండంలో కూడా అందరికీ చూడ్డానికి ముచ్చటేసింది. చదునైన ఉత్తరాన్ని చిన్నది వెనక్కి తిప్పి, పొద్దున్న తండ్రి విననివ్వనిది ఇప్పుడు పైకి చదివింది.

"మంచం కింద పట్టే ట్రంకు పెట్టె ఒకటి, చేతిసంచి ఒకటి, బకెట్టు ఒకటి. ఇంతకుమించి అనుమతి లేదు. వాహనాలు గేటు లోపలికి రాకూడదు. ఎవరి సామాను వాళ్ళే పైకి మోసుకోవాలి."

"బకెట్టు!" అంది అక్కయ్య. ఆ ఒక్క మాటా అనేసి కుర్చీలో వెనక్కి వాలి, జాబితా ఉన్న చీటీతో విసురుకుంది.

చిన్నది తనే అటక మీంచి ట్రంకు దించుకుంది. రెండు తెల్లకోట్లు, పశువుల పాకలో తొడుక్కునే రబ్బరు బూట్లు, నాలుగు జతల బట్టలు, దుప్పట్లు, పుస్తకాలు. తాళం, తాడు, పిన్నీసులు, సబ్బులు బకెట్లో వేసింది. మొత్తం అరగంట. బూట్లు పడుకోబెట్టకుండా నిలబెట్టింది, కోట్లు చుట్టగా చుట్టి వాటి మధ్యలో దూర్చింది. చూస్తున్న మేస్త్రీకి ప్రాణం విలవిల్లాడింది.

"కోటు అలా చుడితే..."

"నాన్నా."

ట్రంకు మూత పడలేదు. చిన్నది దాని మీదెక్కి కూర్చుంది. టక్‌మంది. గొళ్ళెం పడింది. ఆయన ఇరవై రెండేళ్ళ విద్యలో ఎక్కడా లేని పద్ధతి అది.

"వ్యానుకి వద్దని చెప్పనా?" అన్నాడు, అడిగి చెయ్యడం కొత్తగా మొదలుపెట్టిన మనిషిలా.

"చెప్పు."

"మరి రేపు నేను..."

"నువ్వూ వస్తున్నావు." చిన్నది ట్రంకు మీదే కూర్చుని ఉత్తరాన్ని వెలుతురుకెత్తి చూసింది. టేపు వెనక సంతకం నీడలా కనిపిస్తోంది. "ఇది చూసి వార్డెను దొంగ ఉత్తరం అనుకుందంటే గది పదో నంబరుకి పోతుంది. ఎలా జరిగిందో నేను చెప్తే నమ్మదు. నువ్వే చెప్పాలి."

"నేనేం చెప్పాలే?"

"జరిగింది జరిగినట్టు. ఏ కంపెనీలో ఏం పని చేస్తావో, ఎన్నేళ్ళుగా చేస్తున్నావో, దేనికి చుట్టావో, అంతా. నీ గుర్తింపు కార్డు పెట్టుకో. ఆ మూత కూడా జేబులో వేసుకో, అడిగితే చూపిద్దువుగాని."

"ఆవిడ నవ్వితే?"

"నవ్వితే గది వచ్చినట్టే," అంది అక్కయ్య.

చిన్నది ట్రంకు దిగింది. "పొద్దున్న ఆరింటి బస్సు. ఐదున్నరకి బయల్దేరతాం. ట్రంకు నేను మోస్తాను, సంచి అమ్మది, బకెట్టు అత్తది. నాన్నా, నీ చేతుల్లో ఏమీ వద్దు."