పాదాల గది

“జీతం తగ్గించుకుని మరీ ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకుంటానంటావేమిటమ్మాయ్?” అంది మా అత్తయ్య, తన కుడికాలు నా ఒళ్ళో పెట్టి. ఆదివారం పొద్దున. కాఫీలయ్యాయి, బాల్కనీలో ఎండ ఇంకా చురుక్కుమనడం లేదు. నేను ఆవిడ కాలి గోళ్ళు తీస్తున్నాను. ఆవిడ మోకాళ్ళు వంగకపోవడంతో నెల రోజులుగా ఈ పని నాకొచ్చింది. చేస్తావా అని ఎవరూ అడగలేదు, చేస్తానని నేనూ అనలేదు. ఇంటి పనులు అలాగే వచ్చి చేరతాయి. నాకు నవ్వొచ్చింది గానీ పైకి నవ్వలేదు, చేతిలో గోళ్ళ కత్తెర ఉంది.

నేను ఫిజీషియన్ అసిస్టెంటుని. డాక్టర్ని కాను, నర్సునీ కాను. డాక్టరు చూడాల్సిన రోగుల్ని ఆయన తరఫున చూసి, ఆపరేషన్‌లో పక్కన నిలబడి, చివర కుట్లు వేసే మనిషిని. పెళ్ళై తొమ్మిదేళ్ళయినా మా ఇంట్లో ఎవరికీ ఈ మాట నోరు తిరగలేదు. “మా కోడలు ఆసుపత్రిలో చేస్తుంది” అంటారు మామయ్య. ఏం చేస్తుందని అవతలివాళ్ళు అడిగేలోపు మాట మార్చేస్తారు. ఎనిమిదేళ్ళుగా ఎముకల ఆపరేషన్ థియేటర్లో ఉన్నాను. పెద్ద డాక్టరుగారు మోకాలు మార్చి, తొడుగులు విప్పి టీకి వెళ్ళిపోతారు. ఆ తర్వాత నలభై నిమిషాలు నిలబడి ఒక్కో పొరా కుట్టి మూసేది నేను. మర్నాడు రోగి కుట్లు చూసుకుని “డాక్టరుగారి చెయ్యి ఎంత సున్నితమో” అని మురిసిపోతాడు. నిజమేనండీ అంటాను. రాత్రి డ్యూటీలకి అదనంగా ఇస్తారు, ఆ డబ్బుతోనే నా చదువు అప్పు పోయిన నెల పూర్తిగా తీర్చేశాను. చివరి వాయిదా కట్టిన రోజు బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన కూడా సంతోషించారు. “హమ్మయ్య, ఇక నీ జీతం మొత్తం మిగులుతుంది. రెండో ఫ్లాటు చూద్దాం” అన్నారు. ఆలూ లేదు చూలూ లేదు, వారం తిరిగేసరికి ఆ ఫ్లాటు హాల్లో గోడలకి ఏ రంగు వెయ్యాలో కూడా తండ్రీకొడుకులు తేల్చేశారు.

సరిగ్గా అప్పుడే నాకీ పిలుపు వచ్చింది. మా ఆసుపత్రి కింది అంతస్తులో షుగరు రోగుల పాదాలు చూసే గది ఒకటుంది. అక్కడ చేసే ఆవిడ రిటైరవుతోంది, మీరు వస్తారా అని అడిగారు. డాక్టరు వారానికోసారి వస్తారు, మిగతా రోజులు ఆ గది నాదే. రాత్రి డ్యూటీలు ఉండవు కాబట్టి ఆ డబ్బూ ఉండదు. మొత్తం మీద జీతంలో నాలుగో వంతు పోతుంది. రేపటిలోగా జవాబు చెప్పాలి, ఒప్పుకుంటే మంగళవారమే చేరాలి. రెండు రోజులు చూసి రమ్మంటే వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, మనసు పారేసుకుని వచ్చాను. మొదటి రోజు ఒక టైలరు వచ్చాడు. ఆయన అరికాల్లో విరిగిన సూదిముక్క ఎన్నాళ్ళుగా ఉందో, ఆయనకే తెలియదు. తీసి, కడిగి, కట్టుకట్టి, ఎలాంటి చెప్పులు కొనుక్కోవాలో బొమ్మ గీసి ఇచ్చాను. మర్నాడు ఆయన తలుపు దగ్గర నిలబడి “నిన్న చూసిన మేడమ్ ఉన్నారా?” అని అడిగాడు. ఎనిమిదేళ్ళలో నన్ను వెతుక్కుంటూ వచ్చిన మొదటి రోగి. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే నెమరేసుకున్నాను.

“పైకి ఎదగాల్సిన వయసులో కిందికి దిగుతానంటావేంటి?” అన్నారు మా ఆయన. “ఫ్లాటు అప్పు తీరనీ, తర్వాత నీ ఇష్టం.” ఇంకా తీసుకోని అప్పు అది. ఆయన చెడ్డవారేం కాదు, గిన్నెలు తోమమంటే తోముతారు, నేను అలిసిపోయి వస్తే గొంతు తగ్గించి మాట్లాడతారు. కానీ ఆయన రెండుసార్లు ఉద్యోగం మానేశారు. ఒకసారి పై అధికారి పొగరు నచ్చక, ఒకసారి స్నేహితుడితో వ్యాపారం పెడదామని. ఆ ఏడాదిన్నర ఇల్లు నా రాత్రి డ్యూటీల మీద నడిచింది. ఆయన మానేస్తే అది గడ్డుకాలం, నేను మారతానంటే సరదా. ఆ తేడాకి నాకు ఒళ్ళు మండుతుంది.

గోళ్ళు అయిపోయాయి. అత్తయ్యకీ షుగరుంది కదా అని, పాదాలకి స్పర్శ ఉందో లేదో చూసే పరీక్ష ఆ గదిలో నేర్చుకున్నది గుర్తొచ్చి, సంచిలోంచి నైలాన్ దారం ముక్క ఉన్న పుల్ల తీశాను. చర్మానికి ఆనిస్తే దారం కొద్దిగా వంగుతుంది, అంతే.

“అత్తయ్యా, కళ్ళు మూసుకోండి. నేను తాకినప్పుడల్లా చెప్పండి.”

బొటనవేలి కొన మీద ఆనించాను. దాని కింద, చిటికెనవేలి కింద, మడమ మీద. ఆవిడ బుద్ధిగా కళ్ళు మూసుకుని కూర్చుంది.

“కానియ్యమ్మా, మొదలుపెట్టు. ఎంతసేపని కూర్చోను?” అంది.

నా చెయ్యి ఆగిపోయింది. వేళ్ళు విడదీసి చూస్తే నాలుగో వేలికీ చిటికెనవేలికీ మధ్య చెప్పు ఒరుసుకుని శనగగింజంత పుండు. నెల్లాళ్ళుగా ఈ పాదాల్ని ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు మాత్రం చూసుకుంటూ కూర్చున్నాను. సిగ్గేసింది. “నొప్పేం లేదే” అంది ఆవిడ కళ్ళు తెరిచి. నొప్పి తెలియకపోవడమే జబ్బు అత్తయ్యా, అని మెల్లగా చెప్పాను. ఇప్పుడే చూశాం కాబట్టి మానుతుంది, చూడకపోతే వేళ్ళు పోతాయి అని కూడా చెప్పాను.

మా ఆయన పేపరు పక్కన పడేసి వచ్చారు. తల్లి పాదం చూసి మొహం పాలిపోయింది. నేను కడిగి కట్టు కట్టేదాకా పక్కనే నిలబడి, తేరుకున్నాక అన్నారు. “చూశావా మరి, ఇదంతా ఇంట్లోనే చెయ్యొచ్చుగా. రోజూ అమ్మకి నువ్వే చూడు. దీనికోసం ఉద్యోగం మారడం ఎందుకు?”

కోపం రావాలి నిజానికి. రాలేదు, మనసు తేలికైపోయింది. ఈ పని అవసరమని ఆయనే ఒప్పుకున్నారు. నాకు బాగా వచ్చనీ, రోజూ చెయ్యాలనీ ఒప్పుకున్నారు. ఒక్క జీతం మాత్రం వద్దన్నారు. వారం రోజులుగా అటూ ఇటూ తూచుకుంటున్న నాకు ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు? చేతులు కడుక్కుని, ఫోన్ తీసి, మంగళవారం చేరుతున్నానని ఆసుపత్రికి రెండు ముక్కలు రాసి పంపేశాను.

“మరి ఫ్లాటు?” అన్నారు ఆయన.

“ఉన్నదాంట్లో ఇరుకేం లేదు కదండీ.”

“మరి నా కాలు?” అంది అత్తయ్య.

“మంగళవారం పదిన్నరకి రండి అత్తయ్యా, మొదటి పేరు మీదే. ఈలోపు ఆ చెప్పులు వేసుకోకండి. ఫీజు మీ అబ్బాయి కడతారు.”

“సొంత అత్తగారిని చూడటానికీ ఫీజా?” అన్నారు మా ఆయన.

అత్తయ్య నా భుజం పట్టుకుని, కాలు జాగ్రత్తగా కింద పెట్టి, కొడుకు వైపు తిరిగింది.

“కట్టరా. ఊరికే చేయించుకోవడం మీ నాన్న దగ్గర నేర్చుకున్నావు. డబ్బిచ్చి చేయించుకోవడం నా కాళ్ళతోనన్నా నేర్చుకో.”