గింజెడు జాగా

గండయ్య చెక్కసుత్తితో నర్సింగమ్మ ముక్కును మెత్తగా తడుతున్నాడు. అసలు ముక్కు కాదు. విరిగిన ఎముకల కట్లకు వాడే తెల్లపిండితో పోతపోసిన ఆమె ముఖం అచ్చు. దానిమీద పరిచిన సీసం రేకు నిన్న ముక్కు దగ్గర కాస్త లేచింది. నల్లగొండ దవాఖానలో పన్నెండేళ్లుగా ఆయన పని ఇదే. అచ్చు మీద రేకును రోగి ముఖానికి సరిపోయేట్టు మలిచి, రాచపుండున్న చోట దానికి కంత కోస్తాడు. ఎక్సురే కిరణం ఆ కంతలోంచే పడాలి, తక్కిన ముఖానికి సీసం అడ్డం. ఆయన పనేమిటని భార్య సుగుణమ్మను ఎవరైనా అడిగితే, మా ఇంటాయన ఆడోళ్ల మొఖాల మీద సుత్తితో కొడతడు, దానికి జీతమిస్తరు అని చెప్పేది.

ఇవాళ ఆయన నౌకరీకి ఆఖరి రోజు. నర్సింగమ్మకు ఆఖరి కిరణమూ ఇవాళే.

ఆమె చిటికి కట్టే మనిషి. చీరెలో ఎక్కడ రంగు తగలకూడదో అక్కడ పోగులకు దారం బిగించి కట్టే పని; కన్నే దానికి ఆధారం. పుండేమో చెంప మీంచి కంటిరెప్ప దాకా వచ్చింది. మొదటిరోజు ఒక్కటే అడిగింది.

"పుండు సంగతి అట్లుంచు తమ్మీ. కన్ను దక్కుతదా?"

యాభై అయిదేళ్ల మనిషిని తమ్మీ అనేవాళ్లు దొరకడం కష్టం. గండయ్య శ్రద్ధ పెట్టాడు.

ఆయన పుట్టిందీ చిటికి కట్టే ఇంట్లోనే. రంగు కట్టు కిందికి ఎంతో కొంత పాకుతుందని తెలుసు. అందుకే డాక్టరు రామచంద్రయ్య ఊదా సిరాతో గీసిన గీతకు కంటివైపు బియ్యపుగింజ వెడల్పు వదిలి, కంతను అంత చిన్నగా కోశాడు. గీత గీసింది నేనా నువ్వా అని డాక్టరు మండిపడ్డాడు.

"రంగు పాకుతది సార్. కిరణం పాకదా?"

డాక్టరు రేకు కింద ఫిలిం పెట్టి చూశాడు. కిరణం తగిలి ఫిలిం మీద పడ్డ నలుపు సరిగ్గా గింజెడు పాకి, పుండు అంచు దాకా వచ్చి ఆగింది. కంత అట్లాగే ఉండిపోయింది.

కానీ పదిరోజుల కిందట నర్సింగమ్మ చెంప వాచి కన్ను మూసుకుపోయింది. వాపు మామూలే అన్నాడు డాక్టరు. గండయ్యకు మాత్రం అన్నం సయించలేదు. సుగుణమ్మ రెండు పూటలు చూసి, మూడో పూట ఎసట్లో బియ్యం తగ్గించింది.

మధ్యాహ్నం ఆఖరి కిరణం అయిపోయింది. గండయ్య ఆమె ముఖం మీది రేకు ఎత్తాడు. నర్సు యాదమ్మ గోరువెచ్చని నీళ్లతో రెప్ప తుడిచింది. రెప్ప కదిలింది, తెరుచుకుంది. నర్సింగమ్మ రెండో కన్నును అరచేత్తో మూసుకుని ఆయన్ని కిందికీ మీదికీ చూసింది.

"గుండీలు తప్పు పెట్టుకున్నవు తమ్మీ. రెండోది మూడో కంతల ఉన్నది."

గండయ్య తలవంచి చూసుకున్నాడు. నిజమే. సరిచేసుకోలేదు.

సాయంత్రం డాక్టరు చాయ్ తెప్పించి ఒక వింత చెప్పాడు. పైదేశాల్లో సీసం పలకలు వేళ్లలాగా వాటంతటవే జరిగి, పుండు ఆకారానికి నిలబడే మిషను రాబోతుందట. లెక్కంతా కంప్యూటరే చూసుకుంటుందట.

గండయ్య సాసరులో చాయ్ ఊదుకున్నాడు.

"మంచిదే సార్. గింజెడు వదలమని దానికెవరు చెప్తరు?"

డాక్టరు చాయ్ తాగాడు.

అయిదింటికి గండయ్య సుత్తి తుడిచి అలమరలో పెట్టి, ఆ గుండీలతోనే ఇంటికి కేతేపల్లి బస్సెక్కాడు. గదిలో మేకుకు నర్సింగమ్మ సీసపు ముఖం వేలాడుతూనే ఉంది. కంటి కింద, రోజూ ఆమె ముఖాన అమర్చేటప్పుడు అదిమి పట్టుకున్న చోట, ఆయన బొటనవేలంత గుంట.