అన్నయ్య పేనిన తాడు

నేను కారు నడపడం నేర్పిస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్క సీట్లో కూర్చుని, "అద్దం చూడమ్మా, వెనకెవడొస్తున్నాడో చూసుకో" అని జనం మీద అరవడమే నా ఉద్యోగం. అంత అరిచేదాన్ని, నా వెనకాల ఎవరున్నారో మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు. చూసుకోవాలని తట్టలేదు కూడా. అక్కడున్నది మా అన్నయ్య మరి.

అన్నయ్య విలువిద్య నేర్పుతాడు. ఒకప్పటి సామాన్ల గోదాము అద్దెకి తీసుకుని శిక్షణ కేంద్రం పెట్టాడు. పొడుగాటి రేకుల షెడ్డు, వెనక ఖాళీ స్థలంలో యాభై మీటర్ల లైను, ఓ మూల విల్లులు బాగుచేసే పనిగది. పద్నాలుగేళ్ళప్పుడు నా చేతికి విల్లిచ్చింది తనే. నా నోటికి జడిసి పిడుగు అని పేరు పెట్టిందీ తనే. వదిన మందుల షాపులో పనిచేస్తుంది. పెళ్ళయ్యాక సరదాగా విల్లు పట్టుకుంటే నేనే దగ్గరుండి నేర్పాను. సరదా కాస్తా పంతంగా మారి, ఇప్పుడు మా కేంద్రంలో ఆడవాళ్ళలో నా తర్వాత తనే.

ఈ ఏడు జాతీయ జట్టులో ఆడవాళ్ళకి ఒకే ఒక్క ఖాళీ వచ్చింది. నేనూ వదినా ఇద్దరం పేర్లిచ్చాం. కిందటిసారి ఒక్క బాణంలో పోగొట్టుకున్నదాన్ని. ఈసారి ఎలాగైనా నాదే కావాలి. కూడూ నిద్రా మర్చిపోయి దాన్నే పట్టుకు కూర్చున్నాను.

మేం వాడే కాంపౌండ్ విల్లు సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. మామూలు విల్లు ఎంత లాగితే అంత వస్తుంది. దీనికి రెండు కొసల్లోనూ చక్రాలుంటాయి. తాడు ఒకచోటికి వచ్చాక గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. ఇంకా లాగుదామన్నా రాదు, ముందే ఆపుదామంటే బరువంతా మీద పడుతుంది. ఆ ఆగే దూరాన్నే డ్రా లెంగ్త్ అంటారు. చెప్పుల సైజు లాగే అది కూడా, ఎవరి చేతుల పొడవుకి తగ్గది వాళ్ళకి. సరిగ్గా కుదిరితే తాడు వచ్చి ముక్కు కొసకి తగులుతుంది, మనిషి నిటారుగా నిలబడుతుంది. కాస్త ఎక్కువైందా, అంతే సంగతులు. తాడు ముక్కు దాటి చెంప మీదికి పోతుంది, నడుము వెనక్కి వాలుతుంది, ముందు చెయ్యి బిగుసుకుపోతుంది, వదిలినప్పుడల్లా తాడొచ్చి ముంజేతి మీద చెళ్ళుమంటుంది.

విల్లు తాళ్ళు అన్నయ్య స్వయంగా పేనుతాడు. సెలక్షన్లకి మూడు నెలల ముందు నాకూ వదినకీ ఒకే రోజు కొత్త తాళ్ళు పేని బిగించాడు. నాకిష్టమని ఆకుపచ్చ దారం వెతికి మరీ తెప్పించాడు.

"సెలక్షన్లకి ఆ పీలికలతో వెళ్తావా పిడుగూ? మెరిసిపోవద్దూ!" అన్నాడు.

నేను మురిసిపోయాను. సిగ్గు లేకుండా కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

అక్కణ్ణుంచి మొదలైంది నా ఖర్మ. బాణాలు కుడికొకటి ఎడమకొకటి పోసాగాయి. ముంజెయ్యి నేరేడుపండులా కమిలిపోయింది. మొదటి వారమే, "అన్నయ్యా, తాడులో గురి చూసుకునే ఆ చూపు కన్నం నా కంటికి కుదరట్లేదు" అంటే, దాన్ని కాస్త జరిపి కట్టి ఇచ్చాడు. అయినా అంతే. రోజూ సాయంత్రం నా వెనక నిలబడి ఒకటే తిట్లు.

"మళ్ళీ వాలావ్! చంటిపిల్లని చంకనేసుకున్నట్టు ఆ నడుమేంటే? నిటారుగా నిలబడు!"

"విల్లు ఒక్కసారి చూడు అన్నయ్యా, ఏదో తేడాగా ఉంది."

చక్రానికి బిగించిన పలక మీద సైజు చెప్పే అక్షరం ఉంటుంది. దాని మీద వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, కళ్ళు పెట్టుకు చూడు. ఎప్పటి సైజే. విల్లుకేం రోగం? ఉన్న రోగమంతా నీ ఒంట్లోనే ఉంది."

నమ్మాను. అద్దం ముందు నిలబడి ఉత్త చేతులతో లాగడం సాధన చేశాను. భుజం పీకుతుంటే కాపడం పెట్టుకుని మళ్ళీ లాగాను. ఆ చిరాకంతా నా దగ్గర నేర్చుకునేవాళ్ళ మీద చూపించాను. ఒకాయనైతే, "మేడమ్, నేను రేపట్నుంచి బస్సులో పోతాలెండి" అని దణ్ణం పెట్టేశాడు. ఇక నావల్ల కాదు, సెలక్షన్లకి వెళ్ళనే వెళ్ళను అనుకునేదాకా వచ్చింది.

సెలక్షన్లు ఎల్లుండి అనగా, వదిన షాపులో సెలవు పెట్టి వచ్చింది. అన్నయ్య టార్గెట్ దిమ్మలు తేవడానికి బయటికెళ్ళాడు. నేను బాణాలు వేస్తుంటే తను పక్కనుంచి ఫోనులో వీడియో తీసింది. కిందటేడాదిది కూడా వెతికి తీసింది. రెండూ మార్చి మార్చి చూసి, "పిడుగమ్మా, ఇట్రా ఓసారి" అంది.

"ఏంటి వదినా, నువ్వు కూడా నా నడుం గురించే చెప్తావా?"

"నడుం కాదు తల్లీ, ముక్కు. నిరుడు తాడు నీ ముక్కుకి తగుల్తోంది. ఇప్పుడు చూడు, చెంప మీదికి పోయింది. నీ ముక్కేమైనా కురచయిందా? నువ్వు వాలట్లేదే. ఇదే నిన్ను పట్టుకుని వాలుస్తోంది."

ఇద్దరం పనిగదిలోకి పరిగెత్తాం. విల్లుని పడుకోబెట్టి మరతో లాగి కొలిచే బల్ల ఒకటుంది అక్కడ. నా విల్లు పెట్టి లాగాం. నాకు ఉండాల్సిన దానికన్నా అర అంగుళం పైనే ఎక్కువ చూపించింది. తప్పు కొలిచామేమోనని మళ్ళీ లాగాం. అంతే వచ్చింది. వదిన విల్లు పెట్టి చూశాం. గీత గీసినట్టు సరిగ్గా ఉంది.

అప్పుడే అన్నయ్య వచ్చాడు. బల్ల మీద నా విల్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తాడు సాగుంటుంది. కొత్త తాళ్ళు సాగుతాయి కదా," అన్నాడు.

నిజం చెప్తున్నాను, ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. తప్పు నాది కాదు, తాడుది. "ఏంటన్నయ్యా, కాస్త చూడొద్దూ! మూడు నెలలు చంపుకు తిన్నావు కదా నన్ను!" అని నవ్వాను కూడా.

వదిన మాత్రం అమాయకంగానే అడిగింది. "నాదీ ఆ రోజే పేనారు కదండీ. అదే చెయ్యి, అదే దారం. నాది వెంట్రుకవాసి కూడా సాగలేదే?"

నాకప్పుడు వెలిగింది. చూపు కన్నం జరిపి కట్టినవాడికి తాడు ఎంత పొడుగుందో తెలియకుండా ఉంటుందా? ఊళ్ళోవాళ్ళ విల్లులన్నీ వారం వారం కొలిచేవాడు నాదొక్కటీ కొలవకుండా వదిలేస్తాడా? సైజు పలక మారిస్తే ఇట్టే కనిపెట్టేస్తానని, అది ముట్టుకోకుండా తాడే పొడుగ్గా పేనాడు.

"కావాలనే చేశావా?" అన్నాను.

అన్నయ్య నేల చూపులు చూస్తూ, "నీకింకా బోలెడు టైముందే. మళ్ళీ ఖాళీ వస్తే వెళ్తావు. మీ వదినకి నలభై దగ్గర పడ్డాయి, ఇదే ఆఖరు. దాన్ని ఒక్కసారి అక్కడ నిలబడగా చూడాలనుకున్నా. నీకు చెప్తే ఒప్పుకుంటావా?" అన్నాడు.

"అడిగావా? అడిగి చూశావా అసలు? పోనీ తాడు పొడుగు పేనావు, పేనినవాడివి నోరు మూసుకుని ఊరుకోవచ్చు కదా! నువ్వు చేసిన తప్పుకి నన్ను రోజూ నిలబెట్టి తిట్టావే! నా నడుమన్నావ్, నా రోగమన్నావ్. నేను పనికిరానని నా చేతే అనిపించావు కదా అన్నయ్యా! పరాయివాడెవడైనా ఇంత పని చేసుంటే ఈ విల్లు పెట్టి కొట్టేదాన్ని. నిన్నేం చెయ్యను?"

ఏడుపాగలేదు. నమ్మి మెడ అందిస్తే గొంతు కోశాడు. పైగా కోసుకున్నది నేనేనని నమ్మించాడు.

వదిన చాలా నెమ్మదిగా, "అంటే, నా అంతట నేను గెలవలేనని నీ లెక్క. అంతేగా?" అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో వదిన అన్నయ్యని నువ్వు అనడం నేను వినడం అదే మొదటిసారి.

"అది కాదే..." అంటూ అన్నయ్య ఏదో చెప్పబోయాడు. తను ఆగలేదు, బయటికెళ్ళిపోయింది.

నేను కదల్లేదు. "తాడు మార్చు," అన్నాను. పక్కనే నిలబడి చేయించాను. బల్ల మీద నేనే లాగి కొలుచుకున్నాను. టీ తాగినంత సేపట్లో విల్లు బాగైపోయింది. మూడు నెలలు నన్ను కాల్చుకు తిన్నది ఆ పాటి పని.

మర్నాడు వదిన ఫోన్ చేసి సెలక్షన్లకి రానంది. నాకు ఒళ్ళు మండింది. "నువ్వు మానేస్తే నేను గెలిచి ఏం లాభం? దయ తలిచి ఇచ్చారనుకోనా? నోరు మూసుకుని రా," అని పెట్టేశాను. అన్నయ్యని ఇద్దరం రావద్దన్నాం.

సెలక్షన్ల రోజు మొదటి బాణాలు వేస్తుంటే తాడు మెత్తగా ముక్కు కొసని తాకింది. హమ్మయ్య అనుకున్నాను. నాలుగైదు టార్గెట్ నడిమి పసుపులోనే దిగాయి. కానీ గాలి మొదలై గుండె దడదడలాడేసరికి, నా నడుము తనంతట తనే వెనక్కి పోయింది. విల్లు బాగైంది గానీ నేను బాగుపడలేదు. లేని తప్పుని ఉందని రోజూ అరిచి, నిజంగానే నా ఒంట్లోకి దించేశాడు. నిటారుగా నిలబడాలని తెలుసు, నిలబడ్డాననే అనుకుంటున్నాను, బాణం మాత్రం పసుపూ ఎరుపూ దాటి నీలంలో గుచ్చుకుంటోంది. అంత అసహ్యంగా నా ఒంటిని నేనెప్పుడూ తిట్టుకోలేదు.

వదిన ఆ రోజు తన జన్మలో వెయ్యనన్ని పాయింట్లు వేసింది. నేను ఒళ్ళు బాగున్న రోజుల్లో వేసే దానికి ఒకటి అటో ఇటో. జట్టులో చోటు తనదేనని మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొడుతుంటే తను తల వంచుకుని బాణాలు సంచిలో సర్దుకుంది.

తిరుగు దారిలో నా కార్లోనే ఎక్కింది. బెల్టు పెట్టుకోలేదు. నేనూ స్టార్ట్ చెయ్యలేదు.

"పిడుగూ, నిజం చెప్పు. నీ విల్లు మొదట్నుంచీ సరిగ్గా ఉండుంటే, ఇది నాదేనా?"

నీదే వదినా అంటే పోయేది. ఒక్క మాట. తను ఎంత కష్టపడిందో నాకన్నా ఎవరికి తెలుసు? అనాలని నోరు తెరిచాను కూడా. కడుపులో మంట అడ్డుపడింది.

"నాకు తెలీదు వదినా," అన్నాను.

తను బెల్టు లాక్కుని పెట్టుకుంది.

"నీ చోటు కొట్టేసి నాకిచ్చాడనుకుని మొన్నట్నుంచి నీకు మొహం చూపించలేక చస్తున్నా," అంది. "నా గెలుపు కూడా కొట్టేశాడే."