మన షాపు బిళ్ళ

మూడు కప్పుల్లో కాఫీ పోశాక పెద్దావిడ చెయ్యి అలవాటుగా నాలుగో కప్పు మీదకు వెళ్లి ఆగిపోయింది. ఆ కప్పు గట్టు మీద బోర్లించి ఉంది. దాని అంచు కాస్త విరిగింది. ఆ ఇంట్లో ఏ కప్పు అంచు విరిగినా అది ఆమెదే అవుతుంది. కాఫీ మానిపించి నెల దాటినా చెయ్యికి ఆ కబురు ఇంకా అందలేదు. తాగకూడదు గాని కలపొచ్చు. చక్కెర సరిపోయిందో లేదో ఒక చుక్క నాలిక మీద వేసుకు చూడటం కూడా ఇప్పుడు నేరమే. మొన్న అలా చూస్తుంటే కొడుకు గుమ్మంలో నిలబడి, "అమ్మా, నీ కిడ్నీ నిన్నే చూస్తోంది" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వకపోతే బాగుండదని ఆమె కూడా నవ్వింది.

ఇవాళ మాత్రం ఆమె వచ్చే నవ్వును ఆపుకోలేక అవస్థపడుతోంది. ఆస్పత్రికి వెళ్లి రక్తపరీక్ష ఫలితం చూపించుకోవలసిన రోజు అది. ఎప్పుడూ వెంట వచ్చే భర్తకు ఇవాళ కుదరలేదు. ఆయన మందుల షాపుకు తనిఖీ అధికారి వస్తున్నాడు. కొడుకుకు ఆఫీసు, కోడలికి బ్యాంకు. "ఒక్కదానివీ వెళ్లగలవా?" అని ఆయన మూడుసార్లు అడిగాడు. "ఏం చేస్తాం, వెళ్లక తప్పదుగా" అని మొహం వేలాడేసి, వంటింట్లోకి వచ్చి ఆ మొహాన్ని గబగబా తీసేసింది. ఈ వయసులో ఒక్కతే బస్సెక్కి వెళ్లడం! చీర ఏది కట్టుకోవాలా అని పొద్దుటి నుంచే ఆలోచిస్తోంది. గుండె చిన్నపిల్ల గుండెలా కొట్టుకుంటోంది. మధ్యలో భయం కూడా తొంగి చూస్తోంది, ఆ ఫలితంలో ఏముంటుందోనని. భయం వచ్చినప్పుడల్లా గిన్నెలు గట్టిగా తోముతోంది.

ఈ గొడవంతా పాదాల వాపుతో మొదలైంది. ఆయనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. పెద్ద డాక్టరు రిపోర్టు చూసి కిడ్నీలు కాస్త నీరసించాయన్నాడు. మందులేమైనా వాడుతున్నారా అని ఆమెను అడిగితే, "ఏమీ లేవండీ, గట్టి మనిషి" అని ఆయన చెప్పాడు. కాఫీ టీలు తాగుతారా అంటే ఆయనే మళ్లీ, "అదొక్కటీ అడక్కండి. మా షాపులో మందులకన్నా మా ఇంట్లో కాఫీ పొడే ఎక్కువ" అని నవ్వాడు. డాక్టరు రాసుకుంటూనే తగ్గించమన్నాడు. ఆస్పత్రి మెట్లు దిగేసరికి ఆ తగ్గించడం మానేయడమైంది. ఇంటికి చేరేసరికి ఆమె రోగానికి కారణం కాఫీయేనని తేలిపోయింది. రాత్రి భోజనాల దగ్గర అందరూ ఆమె ఏ రోజు ఎన్ని కప్పులు తాగిందో గుర్తు చేసుకున్నారు. ఆ కప్పులు ఎప్పుడు తాగిందో, ఎవరెవరు తాగాక అడుగున చల్లారిపోయింది తాగిందో ఎవరికీ గుర్తు రాలేదు.

కాఫీ పోయినందుకు కాదు ఆమె బెంగ. కాఫీతో పాటు బుల్లి పోతుందేమోనని.

బుల్లి ఆమె తోడికోడలు, మరిది భార్య. కాపురానికి వచ్చిన కొత్తలో ఇద్దరూ మగవాళ్లను పంపేసి పెరటి మెట్ల మీద కూర్చుని కాఫీ తాగేవాళ్లు. ఒకరి కప్పులోది ఒకరు రుచి చూసి, పొడి తక్కువైందనో పాలు మాడాయనో వంకలు పెట్టుకునేవాళ్లు. తరువాత అన్నదమ్ములు షాపు దగ్గర మాటా మాటా అనుకున్నారు. వారం తిరక్కుండా మరిది వాళ్ల సామాను లారీకెక్కింది. వేరుపడదామా అని ఆ ఇద్దరు ఆడవాళ్లను ఎవరూ అడగలేదు. లారీ కదిలాక కూడా బుల్లి చేతిలో ఎంగిలి కప్పు అలాగే ఉంది, తిరిగి ఇవ్వడం మరిచిపోయింది. లారీ తిరిగిన ఆ వీధి మలుపు దగ్గర పెద్దావిడ ఇప్పటికీ ఒకసారి ఆగి చూస్తుంది. ఈమధ్య ఫోన్లు వచ్చాక ఆ కాఫీ వేళ మళ్లీ దొరికింది. ఇంట్లోవాళ్లు బయటికి వెళ్లగానే ఇక్కడ ఈవిడ, అక్కడ ఆవిడ, చెరో కప్పు పట్టుకుని కూర్చుంటారు. అన్నదమ్ములకు ఈ సంగతి తెలియదు. కాఫీ బంద్ అయ్యాక ఆమె బుల్లికి నిజం చెప్పలేదు. చెబితే కిడ్నీ మాట చెప్పాలి, బుల్లి హడలిపోతుంది. అందుకే కప్పులో వేణ్నీళ్లు పోసుకుని ఫోను దగ్గర జుర్రున పీల్చి, "ఇవాళ చక్కెర తగ్గిందే" అనేది.

అందరూ వెళ్లాక ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆయన బల్ల మీద పెట్టి వెళ్లిన బిళ్ళల అట్టలోంచి ఒకటి తీసి నీళ్లతో మింగింది. తిరిగొచ్చేటప్పుడు మోకాళ్లు మొరాయిస్తే కావాలని ఆ అట్టను చేతిసంచిలో వేసుకుని బయలుదేరింది. బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. ఎప్పుడూ ఆయన కూర్చునే చోటది. గాలికి జుట్టు రేగుతున్నా సర్దుకోలేదు. పక్కనున్న పిల్ల "ఎక్కడికి అమ్మమ్మా?" అంటే, "నా పని మీద" అంది. ఆ మాట తనకే కొత్తగా వినిపించి మనసులో ఇంకోసారి అనుకుంది.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు సెలవులో ఉన్నాడు. ఆ గదిలో చిన్న వయసు డాక్టరమ్మ కూర్చుని ఉంది. కాఫీ చుక్క ముట్టలేదని పెద్దావిడ చెప్పాక రిపోర్టు చూసి, "మానేశారు, అయినా ఏమీ మెరుగవలేదే" అంటూ పెన్ను కదుపుతూ ఆలోచనలో పడింది. మందులేమైనా వాడతారా అని అడిగింది. ఆయన చెప్పిన జవాబే పెద్దావిడ నోటికి వచ్చింది. ఏమీ వాడను, గట్టి మనిషిని, అంది. గట్టి మనిషే గాని మెట్లెక్కి వచ్చిన మోకాళ్లు అప్పటికే కుంపట్లయ్యాయి. సంచిలోంచి అట్ట తీసి, డాక్టరమ్మ బల్ల మీదున్న నీళ్ల సీసా చూపించి ఒక గుక్క ఇమ్మంది.

డాక్టరమ్మ చెయ్యి ముందుకొచ్చింది, సీసా కోసం కాదు, అట్ట కోసం.

"ఇదేంటమ్మా?"

"ఇదా? ఇది మందు కాదండీ. మన షాపులోదే."

డాక్టరమ్మ ఆ అట్టను వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. ఇది ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నారంది. పెద్దావిడ ఏళ్లు లెక్కపెట్టలేదు, పనులు లెక్కపెట్టింది. అత్తగారు మంచాన పడినప్పటి నుంచి. ఆవిడను ఎత్తి కూర్చోబెట్టి, ఎత్తి పడుకోబెట్టి నడుము పట్టేస్తే ఆయన షాపులోంచి తెచ్చి, "ఇది వేసుకో, లేచి తిరుగుతావు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నిజంగానే లేచి తిరిగింది. అత్తగారు పోయాక మోకాళ్ల నొప్పులు వచ్చాయి. రోజుకు ఎన్ని అంటే, పొద్దునొకటి, చుట్టాలొస్తే రెండు, ఇల్లు దులిపే రోజు ఇంకోటి.

"అమ్మా, ఇది నొప్పి బిళ్ళ. మీ వయసులో రోజూ, ఇన్నేళ్లు వేసుకుంటే కిడ్నీలను తినేస్తుంది. మీ కాఫీ కాదమ్మా, ముందు ఇది ఆపాలి."

"మరి కాఫీ?"

"బీపీ బాగానే ఉంది. రోజుకు ఒక కప్పు, మహా అయితే రెండు. దానికి భయపడక్కర్లేదు."

ఆ ఒక్క కప్పు మాటకు పెద్దావిడకు ప్రాణం లేచొచ్చింది. మిగతావన్నీ శ్రద్ధగానే వింది. పోయిన బలం మొత్తం తిరిగి రాకపోవచ్చు, ఉన్నది నిలబెట్టుకోవచ్చు. మోకాళ్లకు కాపడం, చిన్న వ్యాయామం, వేరే వైద్యం చూద్దాం. మళ్లీ పరీక్ష చేద్దాం. చివరికి ఒక అనుమానం అడిగింది. ఈ బిళ్ళ వేసుకోకపోతే నేను పొద్దున్నే లేవలేనండీ, పనెలా? డాక్టరమ్మ అట్టను తన సొరుగులో పడేస్తూ, "నొప్పెడితే కూర్చోవాలమ్మా. నొప్పి చెప్పేది అదే కదా" అంది.

కింద క్యాంటీన్‌లో ఒక కాఫీ చెప్పి కుర్చీలో కూర్చుంది. ఎవరో మనిషి కాఫీ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పొగలు కక్కుతోంది. అంచు విరగని కప్పు. కప్పు దగ్గరకు లాక్కుని బుల్లికి ఫోను కలిపింది.

"ఏంటక్కా, ఈ వేళప్పుడు?" అంది బుల్లి. ఈవిడ మాట్లాడకుండా కప్పు మీద ఊదింది. అటునుంచి బుల్లి, "అమ్మయ్య, కాఫీ తాగుతున్నావు" అంది.

"రోజూ తాగుతున్నాగా?"

"అబద్ధాలకోరు. నెల నుంచీ ఊదకుండా తాగుతున్నావు. నువ్వు కాఫీ అయితే మూడు ఊళ్లకు వినపడేలా ఊదుతావు. చెప్పనిదాన్ని ఏం అడుగుతాంలే అని ఊరుకున్నా. రాత్రుళ్లు నిద్ర పట్టలేదు తెలుసా?"

పెద్దావిడ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ అంతా చెప్పింది. కాఫీ సగం చల్లారిపోయింది. ఇంకోటి తెప్పించుకునేదే గాని, మహా అయితే రెండన్న మాట గుర్తొచ్చి రెండోది సాయంత్రానికి దాచుకుంది.

సాయంత్రం ఇంట్లో చెప్పింది. ఆయన ముందు ఒప్పుకోలేదు. షాపుకొచ్చే సగంమంది అదే వేసుకుంటారన్నాడు. తరువాత చిన్నబుచ్చుకుని, "నేనిచ్చానని చెప్పావా?" అని అడిగాడు. చెప్పలేదు, మన షాపులోదని చెప్పానంది. ఆయన కాసేపు టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు. టీవీ పెట్టి లేదు. కొడుకు మాత్రం ఆమె భుజం మీద చెయ్యి వేసి, "అయితే రేపటి నుంచి నువ్వు రెస్టమ్మా" అన్నాడు. ఆ మాటకే ఆమె కడుపు నిండిపోయింది.

తెల్లవారింది. బిళ్ళ లేని మోకాళ్లు దుంగల్లా ఉన్నాయి. లేవలేదు. ఎవరూ లేపలేదు కూడా. పడుకుని ఇంటి చప్పుళ్లు వినడం ఎంత వింతగా ఉందో. స్టవ్వు వెలిగింది, గిన్నె పెట్టారు, పాలు పోశారు. ఎవరు చేస్తున్నారా అని ఉత్సాహంగా చెవి ఒగ్గింది. కొడుకా? ఆయనా? అప్పుడు కోడలి గొంతు వినిపించింది. రాత్రి బ్యాంకు పని ఇంటికి తెచ్చుకుని కూర్చున్నానని, నడుము పట్టేసిందని, వంగలేకపోతున్నానని ఎవరితోనో అంటోంది. ఆ వెంటనే ఆయన గొంతు, ఎంతో ప్రేమగా:

"అయ్యో, అలా బాధపడటమెందుకమ్మా? ఇది వేసుకో, లేచి తిరుగుతావు."

పెద్దావిడ మంచం మీంచి ఎలా దిగిందో ఆమెకే తెలియదు. గోడ పట్టుకుని, కుర్చీ పట్టుకుని, తలుపు పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఆయన అరచేతిలో కొత్త అట్ట ఉంది. కోడలి చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. పెద్దావిడ ఆ అట్ట లాక్కుని గుప్పిట మూసింది. కోడలి వైపు తిరిగింది.

"నొప్పెడితే కూర్చోవాలి. నిన్నటిదాకా ఇన్నేళ్లలో ఆ మాట నాకెవరూ చెప్పలేదు. నీకు నేను చెబుతున్నా. కూర్చో."

కోడలు అత్తగారి వంక, పొంగబోతున్న పాల వంక చూసి కూర్చుంది. పెద్దావిడ కూడా పక్క కుర్చీ లాక్కుని కూలబడింది. పాలు పొంగి స్టవ్వు మీద పడ్డాయి. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. చప్పుడుకు కొడుకు పరుగెత్తుకొచ్చి స్టవ్వు ఆపి, వీళ్లిద్దరినీ, తండ్రినీ చూసి, పొడి ఎంత వెయ్యాలని అడిగాడు.

"వేసి, తాగి చూసుకోండి. మేమూ అలాగే నేర్చుకున్నాం" అంది పెద్దావిడ.

తండ్రీ కొడుకులు డబ్బా మూతతో కుస్తీ పట్టారు. కాఫీ వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. చక్కెర వెయ్యడం మరిచిపోయారు, పాలు మాడు వాసన. ఇంతలో ఫోను మోగింది, బుల్లి. ఆయన ఆ పేరు చూశాడు. పెద్దావిడ ఫోను దాచలేదు. ఆయన ఎదుటే ఎత్తి, గట్టిగా వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఊదుతున్నావా అక్కా?"

పెద్దావిడ కోడలి వైపు చూసి కళ్లతో సైగ చేసింది. కోడలు నవ్వాపుకుంటూ తన కప్పు పైకెత్తింది.

"ఇవాళ ఇద్దరం ఊదుతున్నామే బుల్లీ. విను."