ఎర్ర తాడు మూట

మూతపడిన బ్యాటరీల ఫ్యాక్టరీ నేలను బాగుచేయడానికి అక్కడ చెట్లు పెంచుతున్నారు. నేనూ మా వియ్యపురాలూ ఒకే జట్టులో పనిచేస్తాం. పాదుల్లో సూక్ష్మజీవులు కలిపిన నీళ్లు పోయడం నా పని. రాలిన ఆకు ఊడ్చి గోతాల్లో కుక్కి, ఎర్ర తాడుతో మూతి బిగించడం ఆవిడ పని. ఎర్ర తాడు కట్టిన గోతం విషపు చెత్తను పూడ్చే చోటికే పోవాలి. ఇంకెక్కడికీ పోకూడదు.

ఆదివారం కూతుర్ని చూడటానికి వాళ్లింటికి వెళ్లాను. దానికి ఆరో నెల. పెరట్లో పాలకూర మడి అరచేతులంత ఆకులతో నిగనిగలాడుతోంది.

"దిష్టి పెట్టకు వదినా," అంది వియ్యపురాలు. "నీ కూతురికి రోజూ ఇదే వండి పెడుతున్నా. నువ్వు కన్నావంతే, ఒంటికి కండ పట్టించింది నేను."

"మా ఇంట్లో పస్తులుంచామా?"

"ఏమో మరి. వచ్చినప్పుడు గాలేస్తే ఎగిరిపోయేట్టుండేది."

కూతురు నవ్వింది. నేనూ నవ్వుతూనే మడి దగ్గర వంగాను. దడికి ఎర్ర తాడు కట్టి ఉంది.

వేలితో మట్టి కెలికాను. సగం కుళ్లిన ఆకులు, అంచున రంపపు పళ్లతో. మా చెట్లవే.

"వదినా, ఈ ఎరువెక్కడిది?"

"మన తోటదే. బంగారంలాంటి ఆకు, తీసుకెళ్లి పాతేస్తున్నారు. రెండు గోతాలు తెచ్చుకున్నా."

"అందులో సీసం ఉంటుంది."

"ఎందుకుంటుంది? నువ్వు పోసే పురుగులు తినేస్తాయని తోట ఇంజనీరమ్మ చెప్పలేదూ?"

"అవి తినేది మట్టిలో ఇంకిన నూనెని. సీసాన్ని తినలేవు, కరిగిస్తాయి. దాన్ని వేళ్లు పీల్చి ఆకుల్లోకి పంపుతాయి. ఆ తాడు అందుకే వదినా."

కూతురు పొట్ట మీద చెయ్యి వేసుకుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"మీరు తిన్నారా అత్తయ్యా?"

"లేదమ్మా. అంతా నీకే పెట్టా."

అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాను. రక్తంలో సీసం ఉందని మర్నాడు తేలింది. బిడ్డకి ఎంత చేరిందో ఇప్పుడే చెప్పలేనంది డాక్టరమ్మ. వారం వారం రమ్మంది.

వాళ్లింటికి తిరిగొచ్చేసరికి పెరట్లో మడి లేదు. వియ్యపురాలు కూరా మట్టీ కలిపి గోతాల్లో కుక్కుతోంది. చివరి మూటకి తాడు చాలక, దడికున్నది విప్పి బిగించింది. నా ముఖం చూసి, కోడలి సంగతి అడగలేకపోయింది.

"ఈ మట్టి ఇంకా ఎంత లోతు తవ్వి తీయాలి వదినా?" అంది.

నాకూ తెలియదు. రెండో పార అందుకున్నాను.